ప్రత్తిపాడు శాంపిల్

2007 నవంబరు. పెదకాకాని దగ్గర హైవే మీద ఒక లారీ డాక్టర్ రాజరాజేశ్వరిని గుద్ది చంపేసి వెళ్లిపోయింది. లారీకి నంబరు ప్లేటు లేదు.

"యాక్సిడెంట్ కాదు," అన్నాడు చీఫ్ రాధాకృష్ణమూర్తి. "ప్రత్తిపాడు మిరపచేలను తినేస్తున్న ఆకుముడత వైరస్‌కి ఆవిడ జీనోమ్ సీక్వెన్సింగ్ చేసింది."

"దాంతో ఏం తెలుస్తుంది సార్?" అడిగాడు ఏజెంట్ వీరబాబు.

"చుట్టరికం. ఒక వైరస్ జన్యువుల వరసను మిగతావాటితో పోల్చితే అది దేన్నుంచి పుట్టిందో బయటపడుతుంది. దీనికి మన దేశంలో చుట్టాల్లేరు. రెండు విదేశీ వైరస్‌లను ల్యాబ్‌లో అతికించారు. ముందు పంట చంపి, తర్వాత ఈ వైరస్‌ను తట్టుకునే విత్తనం అమ్ముకునే ముఠా పని ఇది. అందులో మన మనిషి ఒకామె ఉంది. రచన."

గుంటూరు హోటల్లో ఎర్ర షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు.

"ఈ ఏడు కాయ ఘాటెలా ఉందండీ?" అన్నాడు వీరబాబు.

"కళ్లు మండేంత."

కోడ్ కలిసింది.

"మొదటి ఫ్లాస్కు ఇదివరకే వేరే చేలో తెరిచారు. రెండోది ఈ సాయంత్రం ప్రత్తిపాడులో బుల్లయ్య అనే రైతు చేలో తెరుస్తారు," అంది రచన. "దాన్నిండా వైరస్ ఎక్కించిన తెల్లదోమలు. పురుగుమందుల కంపెనీ మనిషిలా రండి."

ఆమె తమ పక్షమేనని వీరబాబుకు నమ్మకం కుదరలేదు. అయినా వెళ్లాడు.

"మందుల కంపెనీ వారా? మా చేను కాస్త చూడండి," అని దారి చూపించి బుల్లయ్య ఇంటికెళ్లాడు.

చేను మధ్యలో గళ్లచొక్కావాడు ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు. పక్కనే ఉన్న రచన పిస్టల్ వీరబాబుకు గురిపెట్టింది. గళ్లచొక్కావాడు నవ్వాడు. ఆ నవ్వు ముగిసేలోగా పిస్టల్ వాడి వైపు తిరిగింది. సైలెన్సర్ తుస్సుమంది. ఊడబోతున్న మూతను వీరబాబు రెండు చేతులా అదిమిపట్టాడు.

"ఆపేశాం," అన్నాడు రొప్పుతూ.

రచన ఒక మొక్కను వంచింది. లేతాకులన్నీ ముడుచుకుని ఉన్నాయి. "మొదటి ఫ్లాస్కు దోమలు ఎప్పుడో ఇక్కడికి చేరాయి," అంది.

ఆ ఆకును ల్యాబ్‌కి పంపారు. రిపోర్టు వచ్చింది. ముఠా వదిలిన వైరస్ ఇక్కడి వైరస్‌తో కలిసి మారిపోయింది. ముఠా విత్తనం కూడా ఇక దాన్ని తట్టుకోదు.

"ముఠా దొరికింది. మిషన్ సక్సెస్," అన్నాడు చీఫ్, ఫోన్లో.

వీరబాబు మళ్లీ ప్రత్తిపాడు వెళ్లాడు. ఎందుకో అతనికే తెలీదు. బుల్లయ్య మొక్కలు పీకి గట్టున వేస్తున్నాడు.

"ఏ మందు కొట్టమంటారండీ?"

సర్వీసులో మొదటిసారి వీరబాబు తన మారువేషం తనే విప్పాడు. "నేను మందుల కంపెనీ మనిషిని కాదండీ."

"చేను పోయాక అందరూ అదే అంటారండీ," అన్నాడు బుల్లయ్య, ఇంకో మొక్క పీకుతూ.