నాలుగో సీసా

సాల్టో ఊరి హోటల్లో, వేడినీళ్ల కొలను ఒడ్డున ఇవానీ బ్రాంట్ కుప్పకూలింది. పాటగత్తె. అందగత్తె. నేరగాళ్ల ముఠాకీ, కల్నల్ గదేయా నిఘా విభాగానికీ ఒకేసారి పనిచేసిన డబుల్ ఏజెంట్. సైలెన్సర్ పిస్టల్ పేలే ముందు ఒక్క వాయిస్ మెసేజ్ పంపగలిగింది.

"నలుగురిలో ఒకడు నకిలీ. వాడి సీసాలో రంగుతోపాటు విషం."

కల్నల్ గదేయా అది వినిపించి ఏజెంట్ నెలిడా వైపు చూశాడు.

"పదిగంటలకి కొండబావి దగ్గర నాలుగు దేశాల జలశాస్త్రవేత్తలు కలుస్తారు. అడుగున ఒకటే నీరు, పైన నాలుగు సరిహద్దులు. ఒక్కో దేశం ఒక్కో సీసా ఆకుపచ్చ రంగు పోస్తుంది. అది ఊరి కుళాయిల్లోకి ఏ దారిన చేరుతుందో చూస్తారు."

"ఆపేద్దాం సార్!"

"రుజువేదీ? పదకొండేళ్లు పోట్లాడుకుని ఇప్పుడు కలిశారు. ఉత్త అనుమానంతో ఒకరిమీద చెయ్యేస్తే నలుగురూ పెట్టె సర్దుకుంటారు."

"మా పాప బడిలో ఆ నీళ్లే తాగుతుంది సార్."

కల్నల్ వేడినీళ్ల థర్మాస్ ఆమె చేతికిచ్చాడు. "నీ వేషం అందరికీ మాతే, అదే మన ఆకు టీ, పోసే మనిషి. రుజువు దొరికితే కోడ్ వర్డ్ 'గులకరాయి'. మనవాళ్లు దూకుతారు."

బావి దగ్గర పంపు మోటారు మొదలవగానే నెలిడా చెవిలోని ఇయర్‌ఫోన్ గరగరమని చచ్చిపోయింది. థర్మాస్ మూతలోని కెమెరా ఆవిరికి మసకబారింది. మిగిలింది మాతే ఆకు వేసిన ఒక్క సొరబుర్ర, పీల్చడానికి ఒక్క గొట్టం. నింపి ఇవ్వడం, తాగి తిరిగిస్తే మళ్లీ నింపి పక్కవాళ్లకివ్వడం.

"ఇంత చేదేంటమ్మా, మొగుడిమీద కోపమా?" అన్నాడు స్థానిక శాస్త్రవేత్త, ముసలి డాక్టర్ బెంతాంకూర్.

"మొగుడుంటే కదండీ!" నవ్వింది నెలిడా.

పరాగ్వే నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రూతోస్ బుర్ర తిరిగిచ్చాడు. "గ్రాసియాస్, అమ్మాయ్."

అర్జెంటీనా ఆవిడ సీసా వంచింది. ఆకుపచ్చ. ఇదేనా? తర్వాత బ్రెజిల్ డాక్టర్. ఇదా? ఆ తర్వాత బెంతాంకూర్. నెలిడా చూస్తూ నిలబడింది. ఇప్పుడు పాప మంచినీళ్ల బెల్లు.

ఫ్రూతోస్ మూత తీశాడు. "నాకు మాతే ఏదమ్మా? రెండు రౌండ్లనుంచీ నన్ను దాటేస్తున్నావ్!"

"గ్రాసియాస్ అన్నావుగా నాయనా!" పకపకా నవ్వాడు బెంతాంకూర్.

"అదేంటి? మర్యాదకి అన్నాను..."

అలవాటుకొద్దీ నెలిడాయే అతన్ని దాటేసింది. ఆ వైపు పాలు మానిన పిల్లకైనా తెలుసు: గ్రాసియాస్ అంటే మామూలుగా థాంక్సే, కానీ బుర్ర తిరిగిస్తూ అంటే 'ఇక చాలు, నాకు పొయ్యొద్దు' అని. మాతేతో పెరిగిన పరాగ్వే మనిషికి అది తెలియదా? వీడే నకిలీ.

"గులకరాయి!" అరిచింది. ఎవరూ రాలేదు. మోటారు హోరు. సీసా వంగుతోంది.

చేతిలో ఉన్నవి వేడినీళ్లే. వాడి మణికట్టుమీద కుమ్మరించింది.

వాడు కెవ్వుమన్నాడు. సీసా బావి నోటికి జానెడు దూరంలో రాతిమీద పగిలింది. ఆకుపచ్చ మడుగులో చీమలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. అది చూసి మిగిలిన ముగ్గురు శాస్త్రవేత్తలే వాణ్ణి పట్టేశారు.

అసలు ఫ్రూతోస్ హోటల్ బీరువాలో కట్టేసి దొరికాడు. మధ్యాహ్నం తన సీసా తనే పోశాడు.

సాయంత్రం కల్నల్ స్వయంగా మాతే నింపి అందించాడు. "శభాష్ నెలిడా! వచ్చేవారం ఇంకో మిషన్ ఉంది."

ఆమె అడుగుదాకా పీల్చి బుర్ర తిరిగిచ్చింది.

"గ్రాసియాస్, సార్."