కూర్చుని నిద్రపోయేవాళ్ళు

మా ఆయనకి ఆ బండంటే నాకన్నా ఇష్టం. ఈ మాట నేను ఆయన మొహం మీదే అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు. జపాను నుంచి వచ్చిన పాత వ్యాను అది. వెనకాల పరుపు, ఓ మూల గ్యాసు పొయ్యి, కిటికీలకి పువ్వుల కర్టెన్లు. విదేశాల వాళ్ళని అందులో ఎక్కించుకుని సముద్రం ఒడ్డుకి తిప్పేవారు. బర్మాకి యాత్రికులు రావడం మానేశాక ఆ బండి, యాంగోన్‌కి నది అవతల తన్లిన్‌లో మా వాకిట్లో నిలబడిపోయింది. దాని నెత్తి మీద మా అత్తగారు వడియాలు పెట్టుకునేది.

ఆయన గుండెకి ఆపరేషన్ చెయ్యాలి, తెల్లారేసరికల్లా ఆసుపత్రిలో ఉండమన్నారు డాక్టర్లు. కర్ఫ్యూ ఉంది కాబట్టి రాత్రిపూట వంతెన దాటడం కుదరదు. ముందురోజు సాయంత్రమే యాంగోన్ చేరుకుని బండిలోనే పడుకుందామన్నారాయన. ఇల్లే వెంట వస్తుంటే హోటలెందుకని ఆయన వాదన. అత్తగారు సూర్యావతమ్మ నేనూ వస్తానని ముందే ఎక్కి కూర్చుంది. కొడుకుని ఆవిడ నాకు పూర్తిగా ఎప్పుడూ అప్పజెప్పలేదు.

అహ్లోన్‌లో నది దగ్గర ఒక పెద్ద సూపర్‌మార్కెట్ ఉంది. షాపు మూసేశాక దాని పార్కింగులో బళ్ళు నిలుపుకోనిస్తారు. మేం వెళ్ళేసరికే కూరగాయల లారీలు, చేపల బళ్ళు బారులు తీరి ఉన్నాయి. ఒక మూల పాత బియ్యం మిల్లు పొగగొట్టం మొండెం మిగిలి ఉంది. దాని మొదట్లో ఎవరో కొబ్బరికాయకి ఎర్రగుడ్డ చుట్టి పెట్టారు. నది బురద వాసన, చేపల ఐసు వాసన కలిసి వస్తున్నాయి.

వాచ్‌మన్ కో మ్యో టార్చి వేసి మా బండి లోపలికి చూశాడు. పరుపు కనపడగానే అతని మొహం మారింది. ఇక్కడ ఎవరూ నడుం వాల్చరు, కూర్చునే నిద్రపోండి అన్నాడు బర్మా భాషలో. ఎందుకని అడిగితే, తనకి ముందున్న వాచ్‌మన్ అలా చెప్పి వెళ్ళాడట, అంతకన్నా తెలియదట. అప్పుడు చూశాను లారీల వైపు. డ్రైవర్లందరూ స్టీరింగు మీద తలలు ఆన్చి, సీట్లకి జారబడి, కూర్చునే నిద్రపోతున్నారు. పక్కన చాప వేసుకునేంత చోటున్నా ఒక్కడూ పడుకోలేదు.

"పరుపున్నది పడుకోడానికే కదా," అన్నారు మా ఆయన తెలుగులో, నా వైపు చూసి కన్నుకొడుతూ.

షాపు దీపాలు ఆరిపోయాయి. తర్వాత వీధి దీపాలు కూడా పోయాయి. కరెంటు పోవడం మాకు కొత్త కాదు గానీ ఆ చీకటి మాత్రం మరీ దగ్గరగా వచ్చి కూర్చుంది. నేను ముందు సీట్లో జారబడ్డాను. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, పడుకుంటే లేవలేదు, అందుకని తలుపు పక్క స్టూలు మీదే కూర్చుంది. పరుపు మీద ఆయన ఒక్కరే. దోమలు చంపేస్తున్నాయని తెల్ల దుప్పటి తల మీదుగా లాక్కున్నారు. తలవైపు దోమల చుట్ట వెలిగించి పెట్టాను. మొహం మీద గుడ్డేటిరా, తియ్యమని అత్తగారు ఒకటికి రెండుసార్లు గొణిగింది. ఆయన తియ్యలేదు.

ఎప్పుడు మెలకువ వచ్చిందో తెలియదు. అడుగుల చప్పుడు... చెప్పులు లేని అడుగులు. ఒకరివి కావు. బరువు మోస్తూ నడిచే మనుషులవి. మా బండి పక్కకి వచ్చి ఆగాయి. దేన్నో నేల మీద దింపినట్టు చిన్న శబ్దం, ఆ వెంటనే అలసిపోయిన నిట్టూర్పులు.

తర్వాత కిటికీ అవతలనుంచి పిలుపు.

"కృష్ణా..."

మెల్లగా, తెలుగులో. ముసలి మగగొంతు. మా ఆయన దుప్పటిలో కదిలారు. ఆఁ అనబోయారు.

మా అత్తగారు స్టూలు మీంచి ఎంత వేగంగా లేచిందో! రాత్రి పేరుపెట్టి పిలిస్తే పలకకూడదు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాడే నాకు నేర్పిన మొదటి పాఠం అది. దుప్పటి మీంచే కొడుకు నోరు గట్టిగా మూసింది.

"కృష్ణా..."

ఈసారి తలవైపు నుంచి. ఆయన పెనుగులాడారు. అత్తగారు రెండో చెయ్యి కూడా వేసింది. నేను కదలలేకపోయాను.

మూడోసారి బయటనుంచి రాలేదు. బండి లోపలే, ఆయన చెవి దగ్గర.

"కృష్ణా."

ఎవరో వింటున్నారు. జవాబు కోసం చూస్తున్నారు. తర్వాత బండి ఒక్కసారి ఊగింది. నాలుగు మూలలా ఒకేసారి పైకి లేచినట్టయింది. నేను కళ్ళు మూసుకున్నాను. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకున్నాను, తెలియని వాళ్ళని కూడా.

తెల్లారింది. మొహింగా, చేపల పులుసులో సేమియా, అమ్మే మనిషి గంట వినపడి ప్రాణం లేచి వచ్చింది. ఆయన లేచి కూర్చుని ఉన్నారు. బతికే ఉన్నారని ఏడుపొచ్చింది నాకు. కిందికి దిగి చూస్తే బండి వెనక్కి తిరిగి ఉంది. రాత్రి షాపు వైపు ముక్కు పెట్టి నిలిపాం. ఇప్పుడు ముక్కు నది వైపుంది. హ్యాండ్‌బ్రేకు వేసినది వేసినట్టే ఉంది. బండి చుట్టూ తారు మీద మరమరాలు చల్లి ఉన్నాయి. కాకులు పక్కనే గెంతుతున్నా వాటి జోలికి రావడం లేదు.

అత్తగారు నా వెనకాలే దిగింది. పొగగొట్టం మొండేన్ని వెలుతురులో చూసింది. అలాగే మెట్టు మీద కూలబడిపోయింది.

"మా అయ్యని ఇక్కడే దింపినారు," అంది. "సిన్నపిల్లని, ఏడుస్తా పాడె ఎనకాల పరిగెట్టొచ్చీసినాను. మిల్లోళ్ళు, రేవోళ్ళు, మన తెలుగోళ్ళు ఎవులు పోయినా ఇక్కడే దింపీవోళ్ళు. సెవిలో మూడుసార్లు పేరెట్టి పిలిసీవోళ్ళు. ఇది దింపుడు కళ్ళం, జయా."

ఆ మాట నాకు తెలుసు. శ్మశానం చేరకముందు పాడెని ఆఖరిసారి దించే చోటు. ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతాడేమోనని పిలిచే చోటు. పలక్కపోతే పాడెని వెనక్కి తిప్పి ఎత్తుకుని, మరమరాలు చల్లుకుంటూ పోతారు.

"పలికితే ఒదిలీదురు," అంది అత్తగారు తన చేతుల వైపు చూసుకుంటూ. "నా సేతుల్తో నానే ఆడి నోరు మూసీసినాను."

ఆసుపత్రి వరండాలో నర్సు ఆయన పేరు పిలిచింది. ఆయన నా పక్కనే కూర్చుని ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పలకలేదు. మళ్ళీ పిలిచింది, మళ్ళీ పిలిచింది. చివరికి నేనే లేచి చెయ్యెత్తాను. నాడి చూడ్డానికి వేలికి తగిలించే క్లిప్పు పనిచెయ్యలేదు. ఇంకొకటి తెచ్చారు, అదీ పనిచెయ్యలేదు. డాక్టరు ఆయన మణికట్టు చాలాసేపు పట్టుకుని, ఏదో ఆలోచించి, ఇవాళ వద్దు రేపు తీసుకురండి అన్నాడు. రోజంతా ఆయన మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఒక్క మాటా మాట్లాడలేదు. మాట్లాడి మాట్లాడి నా బుర్ర తినే మనిషి. ఆ వాగుడు కోసం ఆ రోజు ఏమైనా ఇచ్చేదాన్ని.

సాయంత్రం అత్తగారే చెప్పింది ఏం చెయ్యాలో. మళ్ళీ అక్కడే పడుకోబెట్టాలి. మళ్ళీ పిలుస్తారు, ఈసారి పలకనివ్వాలి. నాకు వేరే దారి తోచలేదు. ఆయన్ని పోగొట్టుకుని బతకడం నాకు చేతకాదు, అంతే.

మా బండి చూడగానే కో మ్యో లారీలన్నిటినీ అవతలి చివరకి జరిపించాడు. కాసేపటికి తనూ అటే వెళ్ళిపోయాడు.

ఈసారి అత్తగారు ముందు సీట్లో కూర్చుంది. తన చేతుల మీద తనకే నమ్మకం లేక రెండూ తొడల కింద పెట్టుకుంది. నేను పరుపు మీద ఆయన పక్కన పడుకున్నాను. పిలుపు రాగానే కుదిపి లేపాలని, పలికించాలని. ఆయన వెల్లకిలా, కళ్ళు మూసుకుని ఉన్నారు. ఊపిరి వినపడుతోందా లేదా అని ఎంతసేపు చెవి పెట్టానో. నది మీద ఏదో పడవ మోత... అది కూడా ఆగిపోయింది.

అడుగులు వచ్చాయి.

పక్కనే ఆగాయి. బరువు దింపారు. నిట్టూర్పులు. నేను ఆయన భుజం గట్టిగా పట్టుకున్నాను. పలకండి, ఈసారి పలకండి, అని గుసగుసగా చెప్పాను.

"జయా..."

నా పేరు.

ముసలి గొంతు కాదు. మా ఆయన గొంతు. పొద్దున్న టీ కోసం పిలిచే గొంతే, అదే సాగదీత. బయటనుంచి వస్తోంది. ఆయన ఇక్కడ, నా చేతి కింద, పెదవులు మూసుకుని ఉన్నారు.

"అత్తా," అన్నాను. ముందు సీట్లోంచి జవాబు లేదు.

"జయా..."

నా తలవైపు నుంచి. అప్పుడు అర్థమైంది. నేను కూడా పడుకున్నాను కదా. పలకాలి. ఇక్కడ పలికినవాళ్ళే మిగులుతారు. ఉన్నాను, బతికే ఉన్నాను అని అరవాలి. మూడోసారి పిలిచేలోగా... గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. నోరు తెరిచాను.

నా పక్కనుంచి ఒక చెయ్యి లేచి నా నోరు మూసింది.

ఆయన నన్ను కాపాడుతున్నారో, నన్ను కూడా రమ్మంటున్నారో నాకు తెలియలేదు. ఎంత పెనుగులాడినా ఆ చెయ్యి కదలలేదు. చల్లగా ఉంది. ఆ అరచేతికి అంటుకుని ఉన్న మరమరాలు నా పెదవులకి తగులుతున్నాయి.