యేసుమణి పేరిట ఇంటర్‌ఫేస్

పొదిలి రోడ్డులో లారీతో గుద్దించి విశ్వాసం అనే ప్రోగ్రామర్‌ని చంపి ఇరవై రెండు రోజులైంది. ఈ ఉదయం పది నలభైకి అతను చెక్‌పోస్ట్ సర్వర్‌లోకి లాగిన్ అయ్యాడు.

ఏజెంట్ ప్రకాష్ ఆ అలర్ట్‌ని రెండుసార్లు చదివాడు. చెక్‌పోస్ట్ గేటు ప్రోగ్రాం రాసే ఈ మిషన్‌లోకి విశ్వాసాన్ని దింపింది తనే. తర్లుపాడులో శవపేటిక మూసేటప్పుడు అతని తల్లి యేసుమణి తనని ఒక్క మాట అనలేదు. మూతను వేలి కణుపుతో టక్ టక్ మని తట్టింది. ఆ చప్పుడే ప్రకాష్‌ని నిద్రపోనివ్వడం లేదు.

"వాణ్ని చంపినవాళ్లే వాడి పాస్‌వర్డ్ దొంగిలించారు. మార్కాపురం లాడ్జి, రూమ్ 204," ఫోన్‌లో చీఫ్. "పదకొండుకి దోర్నాల చెక్‌పోస్ట్ సాఫ్ట్‌వేర్ మారుస్తారు. పలకల లోడు కింద డిటొనేటర్లు. ఏ లారీయో తెలీదు. గేటు దాటితే శ్రీశైలంలో జనం చస్తారు. వాళ్ల కోడ్‌వర్డ్ తెల్ల బలపం."

పలకల బేరగాడి వేషంలో ప్రకాష్ తలుపు తట్టి కోడ్‌వర్డ్ చెప్పాడు. తెరుచుకున్న తలుపు వెనక పిస్టల్. దాని వెనక, ఎర్ర లిప్‌స్టిక్‌తో మాధవి. ఆఫీసులో విశ్వాసం పక్క సీటు. సమాధి దగ్గర అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఆమే.

"రా అన్నా. వేషం బాగనే కుదిరింది."

లాప్‌టాప్‌లో ఒక పక్క చెక్‌పోస్ట్ కెమెరా, ఒక పక్క కోడ్. మాధవి గొప్పగా చూపించింది.

"గేట్ ఇంటర్‌ఫేస్‌లో షరతులు రెండే. ఆపు, తెరువు. రెండు మెథడ్లూ నా క్లాస్‌లో రాసినా. మా లారీ నంబరొస్తే గేటు దానంతటదే లేస్తాది."

ప్రకాష్ చూపు పై వరుస మీద పడింది. గేట్ ఎక్స్‌టెండ్స్ యేసుమణి. ఇంటర్‌ఫేస్ అంటే ప్రోగ్రాం తప్పక తీర్చాల్సిన షరతుల పట్టీ; ఒకటి మరొకదాన్ని ఎక్స్‌టెండ్ చేస్తే పైదాని షరతులూ వారసత్వంగా దిగుతాయి. ఒక్కో షరతుకీ ఒక మెథడ్ రాయని క్లాస్‌ని, అంటే ఆ కోడ్ ముక్కని, పీహెచ్‌పీ భాష నడవనివ్వదు.

విశ్వాసం ప్రతి ప్రోగ్రాం పైనా తల్లి పేరుతో ఖాళీ ఇంటర్‌ఫేస్ ఒకటి పెట్టేవాడు. "ప్రార్థన అయిందా?" అని ఆఫీసంతా ఏడిపించేది. ఇదీ ఖాళీదే అనుకుని మాధవి ఆ ఫైలు తెరవలేదు.

విశ్వాసం ఫైళ్లు వెతుకుతూ ప్రకాష్ మొన్ననే తెరిచాడు. ఈసారి అందులో ఒక్క మెథడ్ ఉంది. తట్టు. పలకల ఫ్యాక్టరీలో యేసుమణి ప్రతి పలకనీ వేలి కణుపుతో తట్టి, మోత విని గానీ పాస్ చేయదు. అలాగే గార్డు లోడు తట్టి చూస్తేనే గేటు లేవాలని కొడుకు రాశాడు.

తను నోరు జారితే మాధవి నిమిషంలో సరిచేసుకుంటుంది. ప్రకాష్ పళ్లు బిగించాడు. సమాధి రోజు నుంచీ వెంటాడుతున్న టక్ టక్ మళ్లీ చెవుల్లో మొదలైంది.

"ఏంది అన్నా, అట్ల చూస్తావు?"

"విశ్వాసం గుర్తొచ్చినాడు."

మాధవి చటుక్కున తెర వైపు తిరిగింది. "వాని పేరెత్తొద్దు."

పదకొండు. ఆమె వేలు కీ నొక్కింది. కెమెరాలో లారీ గేటు ముందుకొచ్చింది.

తెర మీద ఎర్రక్షరాలు. ఫేటల్ ఎర్రర్. రాయకుండా వదిలిన మెథడ్: తట్టు.

గేటు లేవలేదు. డ్రైవర్ హారన్ కొట్టాడు, దిక్కులు చూశాడు, చివరికి దూకి అడవిలోకి పరుగెత్తాడు. గార్డులు వెంటపడ్డారు.

మాధవి తెరనే చూస్తుండగా ప్రకాష్ పిస్టల్ లాక్కుని బేడీలు వేశాడు.

"వాడు పోయినాడు గదా అన్నా!"

"పోయినాడు," అన్నాడు ప్రకాష్. "రాజీనామా ఇచ్చి పోలేదు."