ఎదురెత్తని పద్యం

కూర్మారావు గొంతు గురించి జనం తక్కువ చేసి చెప్పుకుంటారు. టెక్కలిలో ఆయన రాగం తీస్తే వాన ఆగిపోయిందంటారు. తప్పు. ఆయన ముగించేదాకా మేఘానికి ఉరిమే ధైర్యమే చాల్లేదు. పలాసలో పద్యం ఎత్తిననాడు సిగ్నలు పడ్డా మెయిలు బండి కదల్లేదు. డ్రైవరు దిగొచ్చి, ఆఖరి అక్షరం దాకా విని, దండం పెట్టి మరీ వెళ్ళాడు. డెబ్బై దాటినా 'వన్స్ మోర్' అన్నవాడికి కూర్మారావు ఏనాడూ లేదనలేదు. అడగడానికి జనం అలిసిపోవాలి గాని, పాడడానికి ఆయన అలిసిపోలేదు.

కవిటి దగ్గర శ్యాంసుందర్ కొబ్బరితోటలో నెలకోసారి పద్యనాటకాల పిచ్చోళ్ళు పదిమంది చేరతారు. వేషాలుండవు, తెరలుండవు. మకాం ముందు ఇసకలో చాపలు, మధ్యన హార్మోనియం, పళ్ళెంలో వేయించిన జీడిపప్పు. పాడేవాడి ఊపిరి వినేవాడి మొహానికి తగిలేంత దగ్గర.

ఆ కూటానికి ఒక కట్టడి ఉంది. పద్యం నచ్చితే ఎవరైనా 'వన్స్ మోర్' అనొచ్చు. అంటే పాడాల్సిందే, ఎన్నిసార్లయినా సరే. దాన్ని ఆపగలిగేవాడు ఒక్కడే... ఎదుటి పాత్ర కట్టినవాడు. వాడు గొంతు సవరించి ఎదురు పద్యం ఎత్తుకుంటే, పాత పద్యం అక్కడితో సరి.

ఆ సాయంత్రం మాత్రం కూర్మారావు పాడ్డానికి రాలేదు. కొట్టడానికి వచ్చాడు.

"రా మావా! నువ్వు నేకపోతే ఇదొక కూటమేనా?" అంటూ శ్యాంసుందర్ ఎదురొచ్చాడు. పలాసలో జీడిపిక్కల వ్యాపారం, మెళ్ళో గొలుసు, నోట్లో కిళ్ళీ. పిక్కల బస్తా చూసి తూకం చెప్పగలడు గాని ఒక్క చరణం శ్రుతిలో అనలేడు.

"ఎవడికిరా మావ? పోయినేడు నా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నావు. ఈ యేడు పప్పులెట్టి పిలుత్తన్నావు."

"అదేటి మావా అలాగంటావు? ఆడి కిడ్నీలు నానే పాడు సేసినానా? మన ఉద్దానంలో ఎందరికి నేదు ఆ జబ్బు?"

"జబ్బుని కాదురా అడుగుతున్నాను. గుక్కెడు నీళ్ళియ్యనోణ్ణి అడుగుతున్నాను!"

తమ్ముడంటే తోడబుట్టిన తమ్ముడు కాదు. పెంటయ్య. ఊరి మాస్టారొకరు ఎప్పుడో రాసిన అన్నదమ్ముల నాటకంలో ముప్ఫయ్యేళ్ళు కూర్మారావు అన్న, పెంటయ్య తమ్ముడు. పోయినేడు ఇదే తోటలో, డయాలసిస్ చేయించుకుని పలాస నుంచి తిన్నగా వచ్చిన పెంటయ్యని కూర్చోబెట్టి పాడించారు. ఎదురెత్తాల్సిన కూర్మారావు ఆ రోజు నిమ్మాడలో ఇంకో నాటకంలో ఉన్నాడు. ఆపేవాడు లేడు. శ్యాంసుందర్ 'వన్స్ మోర్' అంటూనే ఉన్నాడు. ఇంటికి చేరకుండానే, ఆటోలో, పెంటయ్య పోయాడు. హార్మోనియం రమణమూర్తి తర్వాత ఏడుస్తూ చెప్పినదిది. ఆ ఏడాదంతా కూర్మారావు ఈ తోట మొహం చూడలేదు, అన్నంతో పాటు ఆ కోపాన్నే తిన్నాడు.

ఆయన చెయ్యి లేచింది. నలుగురు పట్టుకున్నా ఆగని చెయ్యి అది. ఒక్క మాటకి ఆగింది.

"బావా, కూకో."

పెంటయ్య భార్య కన్నమ్మ. చాప చివర కూర్చుని ఉంది. "ఆయన గొంతు ఇనిపిత్తామన్నారు. ఏడాదైంది ఇని. నీ కొట్లాట తరవాతెట్టుకో."

ఆమె ముందు పెంటయ్య ఎప్పుడూ కూర్చునే పీట. పీట ముందు ఇత్తడి చెంబు, అంచుదాకా నీళ్ళు.

"అన్ని నీళ్ళేటి కన్నమ్మా?" రమణమూర్తి అడిగాడు.

"డాక్టరు సెప్పినాడని బతికున్నన్నాళ్ళూ గళాసుతో కొలిసి పోసినాను. సచ్చిపోయినోడికి కొలతేటి బాబూ?"

కూర్మారావు పళ్ళు కొరుక్కుంటూ చతికిలబడ్డాడు.

పొద్దు వాలింది. తోటలోకి చీకటి కిందినుంచి వచ్చింది, ముందు మనుషుల కాళ్ళు, తర్వాత మొహాలు మింగుతూ. ఎవరో మకాం వాకిట్లో దీపం వేశారు. ఎక్కడో పిక్కలు కాలుస్తున్నారు, ఆ ఘాటు ముక్కుల్లో దిగుతోంది. కొబ్బరాకుల గలగల, దాని వెనకాల సముద్రం హోరు. శ్యాంసుందర్ సెల్లులో ఏదో నొక్కి స్పీకరు పెట్టెని పీట పక్కన పెట్టాడు. "ఆ రోజు రికాట్టు సేసినానర్రా. మొదటి పద్యమే ఇన్నాను, ఒళ్ళు పులకరించిపోయింది!"

పెంటయ్య పాడాడు.

"పిలిచి పిలిచి గొంతు పిడచకట్టెను గాని
అలికిడైన రాదె యన్న నీది
తలుపు తీసి యుంచి దారి జూచితి నేను
పొద్దు గూకె నింక పోదునయ్య"

కన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కూర్మారావుకి గుండెల్లో ఎవరో గునపం దింపినట్టయింది. ఆ పద్యం ఆయన ముప్ఫయ్యేళ్ళు విన్నాడు. ఇలా ఎప్పుడూ వినలేదు.

పెట్టెలోంచి శ్యాంసుందర్ కేక. "వన్స్ మోర్!" చప్పట్లు. మళ్ళీ పద్యం. మళ్ళీ కేక. మళ్ళీ పద్యం. ఒక్కోసారికీ గొంతు చీలికలవుతోంది. ఆ తర్వాత, రొప్పుతూ, చిన్నగా...

"కాసిన్ని నీళ్ళియ్యండి బాబూ... నాలిక అంటుకుపోతంది..."

నవ్వులు. శ్యాంసుందర్ గొంతు. "పద్యం పాడి తాగుదువులేరా! వన్స్ మోర్!"

చాప మీద శ్యాంసుందర్ మొహం పాలిపోయింది. ఎగిరి పెట్టె ఆపేశాడు.

కన్నమ్మ తలెత్తింది. పెంటయ్య నోటనే ఆ మాట వినడం ఆమెకి అదే మొదలు. "నీళ్ళడిగినాడా," అంది మెల్లగా. "నీళ్ళడిగినాడా నా మొగుడు..."

కొబ్బరాకుల గలగల ఆగింది.

తోటంతా. ఒక్కసారిగా. సముద్రం కూడా ఊపిరి బిగబట్టినట్టయింది. కాల్చిన పిక్కల ఘాటు పోయి ఇంకేదో వాసన... సూది గుచ్చే ముందు చేతికి రాస్తారే, ఆ స్పిరిట్ వాసన. చల్లగా. పీట దగ్గర్నుంచి.

"వన్స్... మోర్..."

ఎండిన గొంతు. పెట్టెలోంచి కాదు.

శ్యాంసుందర్ నోరు తెరుచుకుంది. కిళ్ళీ రసం గడ్డం మీదికి కారింది. కళ్ళు భయంతో అటూ ఇటూ తిరుగుతున్నాయి, నోరు మాత్రం పాడుతోంది. పిలిచి పిలిచి గొంతు... రాగం, విరుపు, ఆ చివర చిన్న వణుకు... అన్నీ పెంటయ్యవే.

రమణమూర్తి హార్మోనియం శ్రుతి పట్టింది. "ఒరే కూర్మీ," అని గొణిగాడతను, "నా సేతి ఏళ్ళు నా మాట ఇనట్లేదురా..."

పద్యం అయింది.

"వన్స్... మోర్..."

మళ్ళీ. మళ్ళీ. పారిపోదామని లేచినవాళ్ళు లేచినచోటే నిలబడిపోయారు. శ్యాంసుందర్ మెడ నరాలు తాళ్ళలా లేచాయి. పెదాలు పగిలి నెత్తురు చిమ్ముతోంది. పద్యానికీ పద్యానికీ మధ్య దొరికిన ఆ రవ్వంత సందులో అరిచాడు. "నీళ్ళు... మావా... నీళ్ళు..."

చెంబు మీదికి చెయ్యి చాచాడు. కన్నమ్మ మధ్యకి వచ్చి నిలుచుంది.

"అది ఆయనది."

"మావా... ఎదురెత్తు... నీ కాళ్ళట్టుకుంటాను..."

అందరూ కూర్మారావు వైపు చూశారు. ఎత్తితే ఆగిపోతుంది. ఆ సంగతి కూర్మారావుకి ఎవరూ చెప్పక్కర్లేదు. పద్యం నాలుక చివరే ఉంది, తుపానులో కూడా తడబడకుండా పాడిన పద్యం. ఆయన చేతులు కట్టుకున్నాడు. ఏడాది నుంచి కడుపులో మండుతున్నది ఇప్పుడు వెచ్చగా, హాయిగా ఒళ్ళంతా పాకుతోంది. పాడరా. నా తమ్ముడు ఎంత పాడాడో అంతా పాడు. తెల్లారేదాకా పాడు.

"వన్స్... మోర్..."

శ్యాంసుందర్ మోకాళ్ళ మీద పడ్డాడు. పాట మాత్రం పడలేదు. కాకపోతే 'పోదునయ్య' దగ్గర గొంతు బొంగురుపోయి, ఊళలా విరిగింది.

కన్నమ్మ గిర్రున తిరిగింది. కళ్ళలో నిప్పులు.

"సాలు బావా! ఎత్తు!"

"ఈ కుక్క మీద జాలేటే నీకు?"

"ఈడి మీద జాలెవడికి! ఈడు నా మొగుడి గొంతు పాడు సేసేత్తన్నాడు. నాకు మిగిలిందదొక్కటే. ఎత్తు!"

కూర్మారావు లేచాడు. ఇష్టంగా కాదు. కాండ్రించి ఉమ్మి, గుండెల నిండా గాలి పీల్చి, ఎత్తాడు.

"వచ్చినాడ తమ్మి వాకిట నిలుచుంటి..."

ఎన్ని వేదికలు! ఎన్ని ఊళ్ళు! ఆయన పాడితే ఈ తోటలో కొబ్బరికాయలు రాలేవి, నిద్రపోయే పక్షులు లేచి తాళం వేసేవి. ఈసారి ఒక్క ఆకు కదల్లేదు. అయినా పాడాడు. జన్మలో అంత గొప్పగా పాడలేదు. వచ్చాను తమ్ముడా, కళ్ళు తెరు, లోపలికి రమ్మను... ఆఖరి అక్షరాన్ని ఆకాశానికి అంటించి వదిలాడు.

శ్యాంసుందర్ నోరు మూసుకుంది. బస్తాలా వాలిపోయాడు. ఎవరో వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారు. ఊపిరుంది. సముద్రం మళ్ళీ వినిపించింది. రమణమూర్తి వేళ్ళు హార్మోనియం మెట్ల మీంచి జారాయి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"సూసినారా," అన్నాడు కూర్మారావు, చెమట తుడుచుకుంటూ. కోపం ఇంకా దిగలేదు, దానికి తోడు గర్వం. "నాను ఎత్తితే యముడైనా ఆగాల."

"వన్స్ మోర్, అన్నా."

కూర్మారావు తల తిప్పలేదు. తిప్పలేకపోయాడు. మాట వచ్చింది పీట దగ్గర్నుంచే. అదే గొంతు. కానీ ఇప్పుడందులో పగులు లేదు, ఎండిన జాడే లేదు. కడుపు నిండా తాగి, తీరుబడిగా చేరగిలబడ్డ మనిషి మాట.

రమణమూర్తి ఏడుస్తూనే ఉన్నాడు. అతని వేళ్ళు మాత్రం మళ్ళీ మెట్ల మీదికి వెళ్ళాయి. శ్రుతి పలికింది.

"ఏట్రా నీకు?" కూర్మారావు అరిచాడు. "నామీదేటి నీ పగ? నాను నీళ్ళియ్యననలేదు! నాను ఆ రోజు నిమ్మాడలో ఉన్నాను!"

"వన్స్ మోర్."

నోరు తెరుచుకుంది. వచ్చినాడ తమ్మి... పాడుతూనే కళ్ళతో వెతికాడు. దీన్ని ఆపాలంటే తమ్ముడి పాత్ర కట్టినవాడు ఎదురెత్తాలి. ఆ పాత్ర కట్టినవాడు ఈ లోకంలో ఒక్కడే ఉండేవాడు.

పద్యం అయింది. నాలుక అంగిలికి అంటుకుంది. మళ్ళీ పిలుపు వచ్చేలోపు దొరికిన ఆ రవ్వంత సందులో ఆయన చెంబు మీదికి వంగాడు. కన్నమ్మ ఈసారి అడ్డం రాలేదు. ఆమె కూడా చెంబులోకే చూస్తోంది.

చెంబు ఒరగలేదు. చుట్టూ ఇసక పొడిగా ఉంది. అంచు మీద ఒక్కచోట, పెదవి ఆనేంత మేర, తడి.

లోపల చుక్క లేదు.