తలకిందుల నగరం

ఫ్రేముల షాపు పైనున్న ఆ మేడగదికి మంచి పేరు లేదు. చీకటిపడ్డాక లోపల ఎవరో కాన్వాసు గీకుతున్న చప్పుడు వస్తుందనేవారు… బొమ్మలు నేర్పే మాస్టారు ఊళ్ళో లేని రోజుల్లో కూడా.

మా పిన్ని చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

పన్నెండేళ్ళ కిందట మా పెద్దమ్మ — పిన్నికి అక్క — ఆ గదిలోనే నూనెరంగులు నేర్చుకునేది. ఒక సాయంత్రం ఇంటికి రాలేదు. "పాఠం అవగానే వెళ్ళిపోయిందే!" అన్నాడు మాస్టారు. ఊరేమో ఎవరితోనో లేచిపోయిందని తేల్చేసింది. ఊరి నోటికి మూత ఎక్కడుంది? అమ్మమ్మ మాత్రం ఆ రోజు నుంచి వీధి తలుపుకి గడియ పెట్టలేదు.

అక్క ఏమైందో తెలుసుకోవాలనే పిన్ని ఆ మాస్టారి దగ్గర చేరింది. ఎవరి చెల్లెలో చెప్పలేదు.

ఆయన పద్ధతే వేరు. ఒక పాతకాలపు నగరం బొమ్మ — సాయంత్రపు పొగ, నది, వంతెన మీద పదకొండుమంది మనుషులు. దాన్ని గోడకి తలకిందులుగా తగిలించేవాడు. మధ్యలో చిన్న గడి కత్తిరించిన అట్టముక్క లోంచి చూస్తూ, ఒక్కో గడే దించమనేవాడు. ఏం వేస్తున్నామో తెలియకూడదు.

"తిన్నగా చూస్తే మనసు అబద్ధమాడుతుందమ్మా. తలకిందులుగా చూస్తే కన్ను ఉన్నదే చెబుతుంది" అనేవాడు.

నలభై రోజులకి బొమ్మ పూర్తయింది. బయట చీకటి పడుతోంది. మాస్టారు పిన్ని కాన్వాసుని తిప్పి నిలబెట్టాడు.

వంతెన మీద పదకొండుమందీ ఉన్నారు. కానీ వంతెన కింద నీడలో… ఇంకో ఇద్దరు.

మోకాళ్ళ మీద, ఒళ్ళంతా నీలిరంగులో ఒక ఆడమనిషి. ఆమె జుట్టు పిడికిట పట్టిన మగాడు. వాడి ఎడమచేతిలో రంగులు గీకే కత్తి. గోడ మీది బొమ్మలో అక్కడ ఉత్త నీడే ఉంది. మాస్టారిది ఎడమచేతి వాటం.

ఇంకొకడైతే "ఇదేమిటి?" అనేవాడు. ఆయన గుసగుసగా అడిగాడు —

"నీకు… ఎవరు చెప్పారు?"

పిన్నికి ఒళ్ళు మండిపోయింది. "మా అక్కని ఏం చేశావురా?"

వాడు తలుపు గడియ వేసి, బల్ల మీది రంగులు గీకే కత్తి అందుకున్నాడు. పిన్ని టర్పెంటైన్ సీసా విసిరింది, అది గోడకి తగిలి పగిలింది. ఒక్క తన్నుకి పిన్ని స్టాండు మీద పడింది. కాన్వాసూ, కరెంటు దీపమూ కిందపడ్డాయి. చీకటి. జుట్టు పట్టుకుని ఈడ్చి, తల నేలకేసి కొట్టాడు. ఒకసారి… రెండోసారి… నోటి నిండా నెత్తురు. కత్తి చెవి పక్కనుంచి దిగి భుజం చీల్చింది.

అప్పుడు… గీకుతున్న చప్పుడు. కిందపడ్డ కాన్వాసు వైపు నుంచి.

జుట్టు పట్టు వదిలింది.

"వద్దు… నువ్వు చచ్చిపోయావు… వద్దు!"

అది వాడి గొంతే. తర్వాత ఎముక విరిగిన చప్పుడు.

ఫ్రేముల షాపు తాత సుత్తితో తలుపు పగలగొట్టుకుని వచ్చాడు. టార్చి వెలుగులో మాస్టారు నోరు తెరిచి పడి ఉన్నాడు. మెడ మీద పది వేళ్ళ ముద్రలు, తడి ఆరని నీలిరంగులో. పిన్ని చేతులకి నెత్తురు తప్ప రంగన్నది లేదు.

తాత కాన్వాసు ఎత్తాడు. వంతెన కింద మగాడు అలాగే ఉన్నాడు. ఆడమనిషి ఉన్నచోట రంగంతా పోయి తెల్లటి గుడ్డ కనబడుతోంది, సరిగ్గా మనిషి ఆకారంలో.

ఆ గది గోడలో పోలీసులకి ఏం దొరికిందో అది మర్నాటి సంగతి. అప్పటికింకా ఎవరికీ తెలియదు.

భుజానికి కట్టు కట్టించుకుని, ఏడుస్తూ పిన్ని ఇంటికొచ్చింది. వీధి తలుపుకి గడియ పెట్టి ఉంది. పన్నెండేళ్ళలో మొదటిసారి.

తలుపు తీసిన అమ్మమ్మ మొహం వెలిగిపోతోంది.

"గట్టిగా మాట్లాడకే" అంది మెల్లగా. "అక్క ఇప్పుడే వచ్చి పడుకుంది. చేతులనిండా ఆ నీలిరంగే… ఎంత కడిగినా పోవటం లేదు."