మొదటి నెల కాగితాలు

ఉదయం తొమ్మిది గంటల పదకొండు నిమిషాలకు ఫోన్ మోగింది.

"ఎస్సైగారూ, ఎమర్జెన్సీ వార్డులో దొంగతనం. ఆడిట్ ఫైల్లోంచి మొదటి నెల కాగితాలు అరవై రెండూ మాయం. త్వరగా రండి!"

ఆయన పోలీసు శాఖలో రిటైరై నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఆస్పత్రి విజిలెన్స్ ఆఫీసరు. అయినా అందరికీ ఎస్సైగారే. టైము డైరీలో రాసుకుని మెట్లెక్కాడు.

ఫోన్ చేసింది వార్డు డాక్టరు. పదకొండింటికి ఆమె మీటింగు. మూడు నెలల ఆడిట్ ఫలితాలు చెప్పాలి. రక్తంలో ఇన్‌ఫెక్షన్‌తో వచ్చిన రోగికి గంటలోపు మొదటి యాంటీబయాటిక్ పడాలి. ఆలస్యమైన కొద్దీ ప్రాణం మీదికొస్తుంది. నిరుడు ఈ వార్డులో రెండు గంటల పైనే పట్టేది. ఇప్పుడు నలభై నిమిషాలు. ఎలా తగ్గిందో తేల్చుకుని అన్ని వార్డుల్లోనూ అదే పెట్టాలని సూపరింటెండెంట్ నిర్ణయం. ఒక్కో రోగికి మందు పడిన టైము రాసిన అసలు కాగితాలు కూడా చూస్తానన్నాడు.

ఫైలున్న బీరువా తాళం పగల్లేదు.

"తాళంచెవులెన్ని?"

"రెండు," అన్నాడు సూపరింటెండెంట్. "ఒకటి కౌంటర్లో. సంతకం పెట్టి తీసుకోవాలి. రెండోది హెడ్ నర్సు దగ్గర." గొంతు తగ్గించాడు. "వాళ్ళిద్దరూ తోడికోడళ్ళు. నర్సు పెద్దకోడలు, డాక్టరు చిన్నకోడలు. చిన్నావిడ పేరు ఈ మీటింగు పోస్టరెక్కిన రోజు నుంచీ పెద్దావిడ కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోంది. ఇంకా వెతకడమెందుకు? సస్పెన్షన్ ఆర్డరు టైపు చేయిస్తాను."

"పదిన్నర దాకా ఆగండి సార్."

హెడ్ నర్సు మందుల గదిలో సిరంజిలు సర్దుతోంది. ఇరవై రెండేళ్ళ సర్వీసు. తల తిప్పలేదు.

"నిన్న బీరువా తీశారా?"

"లేదు."

"మీ తోడికోడలంటే మీకు కుళ్ళని అంటున్నారు."

"కుళ్ళే. ఎందుకుండదు?" ఇప్పుడు తిరిగింది. "వార్డు గుమ్మం దగ్గరే ఇంజెక్షన్ల ట్రే పెట్టించింది నేను. అంతకుముందు చీటీ పట్టుకుని ఫార్మసీకి పరిగెత్తాలి, క్యూలో నిలబడాలి. పోస్టరు మీద ట్రే ఊసే లేదు. అంతా ఆవిడ మా స్టాఫుకి చెప్పిన క్లాసుల గొప్పే. కడుపు మండింది. అంతమాత్రాన కాగితాలెత్తుకుపోతానా? అవి నా పేషెంట్లవండీ."

"ట్రే ఎప్పుడు పెట్టారు?"

"ఆడిట్ మొదలైన రోజునే."

"డాక్టరుగారి క్లాసులు?"

"రెండో నెల నుంచి."

ఎస్సై కౌంటరు రిజిస్టరు తెరిపించాడు. నిన్న సాయంత్రం నాలుగూ యాభైకి డాక్టరు తాళంచెవి తీసుకుంది. ఐదూ నలభైకి తిరిగిచ్చింది. స్లైడ్స్ కోసం అని రాసింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఈ ఉదయం మళ్ళీ తొమ్మిదీ పదికి.

తర్వాత ఫైలు ముందేసుకుని కూర్చున్నాడు. మిగిలిన కాగితాలు నూట ముప్పై ఒకటి. ఒక్కొక్కటే తిప్పాడు.

పదిన్నరకి సూపరింటెండెంట్ గదిలో నలుగురు.

"డాక్టరుగారూ, పొద్దున తాళంచెవి ఎన్నింటికి తీసుకున్నారు?"

"తొమ్మిదీ పదికి."

"నాకు ఫోన్ తొమ్మిదీ పదకొండుకి. ఒక్క నిమిషం తేడా."

"పోయాయని చూడగానే చేశాను."

"ఫైలు తారీకుల వరసలో లేదమ్మా. రోగుల పేర్ల వరసలో ఉంది. మూడు నెలలూ కలగాపులగం. ఏ నెలవి పోయాయో తెలియాలంటే ప్రతి కాగితం తిరగెయ్యాలి. నాకు ఇరవై నిమిషాలు పట్టింది. మీకు ఒక్క నిమిషంలో ఎలా తెలిసింది?"

ఆమె బ్యాగు దగ్గరికి లాక్కుంది.

"మొదటి నెల్లో మీ క్లాసుల్లేవు. ట్రే ఒక్కటే ఉంది. ఆ నెల సగటెంత?"

డాక్టరు ల్యాప్‌టాప్ బ్యాగు జిప్పు తీసింది. కాగితాల కట్ట బల్ల మీద పెట్టింది.

"నలభై రెండు నిమిషాలు. నా క్లాసుల వల్ల తగ్గింది రెండే నిమిషాలు."

సూపరింటెండెంట్ మొహం ఎర్రబడింది. "అంటే అన్ని వార్డుల్లోనూ మీ క్లాసులు పెట్టి, ట్రే సంగతి వదిలేసేవాళ్ళం. రోగులు అలాగే ఎదురుచూస్తూ ఉండేవాళ్ళు!"

"నన్ను దొంగని చేద్దామనుకున్నావా చెల్లీ?" అంది పెద్దకోడలు.

"నీ మీదికి వస్తుందనుకోలేదక్కా." బల్ల మీది కట్టని అక్క వైపు తోసింది. "కాదు. తెలుసు. తెలిసే చేశాను."

"ఎందుకే?"

"అత్తయ్యకి ఆయాసమొస్తే డాక్టర్ని నేను ఎదురుగా ఉన్నా 'పెద్దదాన్ని పిలవండి' అంటుంది. ఇక్కడ పేషెంట్లూ అంతే. నేను రాసిన మందు నువ్వు తలూపితేనే మింగుతారు. ఈ ఒక్కటైనా నాదనిపించుకోవాలనుకున్నాను."

పెద్దకోడలు ఆమె వైపు తిరిగింది.

"అత్తయ్య ఏ చుట్టం కనిపించినా 'మా చిన్నకోడలు డాక్టరు' అంటుంది. ఇన్నేళ్ళలో నా ఉద్యోగం మాట ఒక్కసారి ఎత్తలేదు. నేను దానికేడుస్తుంటే నువ్వు దీనికేడుస్తున్నావా!"

ఎవరూ నవ్వలేదు.

"మీ మీద చర్య సంగతి మీటింగయ్యాక," అన్నాడు సూపరింటెండెంట్. "ముందు వెళ్ళి అసలు లెక్క చెప్పండి."

పదకొండింటికి హాలు నిండింది. డాక్టరు మైకు పట్టుకుంది.

"ఈ మార్పు నాది కాదు. మా హెడ్ నర్సుది. ఆ కాగితాలు దాచింది నేనే," అంది. తర్వాత మొదటి నెల అంకెలు చదివింది.

గుసగుసలు ఆగాక పిల్లల వార్డు డాక్టరొకాయన లేచాడు. "ట్రేలో ఏ మందులు పెట్టాలి? అయిపోతే ఎవరు నింపాలి?"

"నాకు తెలీదండీ," అంది చిన్నకోడలు. "అక్కనడగాలి."

హాలంతా వెనక్కి తిరిగింది. పెద్దకోడలు చివరి వరసలో చేతులు కట్టుకు కూర్చుంది. కదల్లేదు. ఆయన మళ్ళీ అడిగాడు.

అప్పుడు లేచి ముందుకి నడిచింది. చిన్నకోడలు మైకు అందించింది. ఆమె మొహం చూడకుండానే పెద్దకోడలు దాన్ని తీసుకుంది.

"రాసుకోండి," అంది.