ఐదు నిమిషాల తడిగుడ్డ

"ఆ పీచు ముందు పక్కన పెట్టండి."

రాగిణితో నేను మాట్లాడిన మొదటి మాట ఇదే. అదీ గట్టిగా. నారాయణగూడలో కార్ల రంగుకూ అద్దాలకూ మెరుపు పూత వేసే మా కోటింగ్ షాపు ముందు కారు ఆపి, గిన్నెలు తోమే పీచుతో ముందద్దాన్ని బరబరా రుద్దుతోంది. సిద్దిపేటలో ఉద్యోగం. ప్రతి శుక్రవారం చీకటి పడే వేళకు చిక్కడపల్లిలోని ఇంటికి బయల్దేరుతుంది. దారిలో పురుగులన్నీ ఆ అద్దానికే కొట్టుకుని చస్తాయి. కోటింగ్ వేయించినా మరకలు పోవడం లేదని మా మీదికి గొడవకు వచ్చింది.

"రుద్దకుంటే ఎట్ల పోతయి అన్నా?"

"రుద్దితే మరకతో పాటు కోటింగ్ గూడ పోతది. ముందు కారు నీడకు పెట్టండి."

మెత్తటి గుడ్డను నీళ్లలో ముంచి మరకల మీద పరిచాను. ఐదు నిమిషాలు ఆగితే ఎండిన మరక దానంతటదే నానుతుంది. తర్వాత కారు షాంపూ నీళ్లతో మెల్లగా తీసి, నీళ్లు పోసి, ఇంకో మెత్తటి గుడ్డతో అద్దితే చాలు. బలం చూపించే పని కాదు, ఓపిక పట్టే పని.

ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చింది. ఆ ఐదు నిమిషాలూ కబుర్లు చెప్పుకునేవాళ్లం. మొదటి రోజు నేను 'అన్నా'. నెల తిరిగేసరికి 'ఉదయ్ గారు'. మూడో నెలలో ఉత్త 'ఉదయ్'. ఆ రోజు బండి షాపు దగ్గరే మర్చిపోయి ఇంటికి నడిచి వెళ్లాను.

ఇక చెప్పేయాలి అనుకున్న శనివారమే ఆమె ఫోన్ మోగింది. నేను అప్పుడే తడిగుడ్డ పరిచాను. ఆమె కార్లో కూర్చునే స్పీకర్ పెట్టింది. అవతల వాళ్ల నాన్న.

"బిడ్డా, ఆ కోచింగ్ పిలగాన్ని రేపు ఇంటికి రమ్మను. మూడు నెలల సంది వాని ముచ్చటే చెప్తున్నవ్. నీకు నచ్చిండంటే మేం గూడ చూడాలె గద."

"సరే డాడీ" అంది రాగిణి, సిగ్గుపడుతూ.

పక్కనే అశోక్ నగర్, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు కోచింగ్ ఇచ్చే సెంటర్ల అడ్డా. ఆ గోడల నిండా కోచింగ్ సార్ల ఫొటోలే. కోటు వేసుకుని, చేతులు కట్టుకుని నవ్వే ఆ ముఖాల్లో వీడెవడో అని ఒక్కొక్కరినీ గుర్తు చేసుకున్నాను. అందరి మీదా సమానంగా కోపం వచ్చింది.

"ఎవరా కోచింగ్ అబ్బాయి?" అన్నాను, గుడ్డ సర్దుతూ.

రాగిణి నా ముఖం చూసి పెదవి కొరుక్కుంది. "ఉన్నడు ఒకాయన. జర కోపమెక్కువ."

"కోపమున్నోడు ఎందుకు మరి?"

"చెప్పేది మస్తు చెప్తడు. ఒక్కసారి వింటే మర్చిపోం."

"చెప్పుడు వాళ్ల పనే. గట్లయితే సబ్జెక్టుకొక సారు నచ్చాలె."

"నీకెందుకంత మంట?"

"నాకేం మంట? కస్టమర్ బాగుండాలె గద."

"మరి గుడ్డ ఎందుకు గుంజినవ్? రెండు నిమిషాలే అయింది. గట్టిగ రుద్దకు, కోటింగ్ పోతది."

నిజమే, చేతిలో గుడ్డ అద్దాన్ని అరగదీస్తోంది. చెయ్యి ఆపేశాను. నా పాఠం నాకే అప్పజెప్పడంతో ఇంకా ఒళ్లు మండింది.

"రేపు పదింటికి మా ఇంటికి రా. ఆయనెవరో నువ్వే చూస్తవ్" అని నవ్వుతూ కారు తీసింది.

వాణ్ణి చూస్తే తట్టుకోలేను. చూడకుండా ఉండలేను. మూడు చొక్కాలు మార్చి మరీ వెళ్లాను.

వాళ్ల నాన్న జగదీశ్వర్ గారే తలుపు తీశారు. నేను గది మూలన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. సోఫా వాడికి కావాలి కదా.

"ఇట్ల సోఫాల కూసో బాబు. గ్రూప్ వన్ చెప్తవా, గ్రూప్ టూ చెప్తవా?"

"నేను కాదు అంకుల్. ఆయన ఇంకా రాలే."

"ఎవరు?"

"కోచింగ్ అబ్బాయి."

ఆయన నన్నూ, వంటింటి గుమ్మంలో నిలబడ్డ కూతుర్నీ మార్చి మార్చి చూశారు. "ఇద్దరు వస్తున్నరా బిడ్డా?"

రాగిణి తలుపు పట్టుకుని పడీ పడీ నవ్వింది. "కోచింగ్ కాదు డాడీ, కోటింగ్. కార్ అద్దాలకు పూత వేస్తరు చూడు, గదే. ఎన్నిసార్లు చెప్పినా నువ్వు వింటలేవు. ఈయనే ఆయన."

నిన్నటి నుంచి నేను పళ్లు నూరింది నా మీదేనన్నమాట. ఎగిరి గంతేయాలనిపించింది. కానీ జగదీశ్వర్ గారి ముఖం చిన్నబోయింది.

"అంటే కార్లు కడుగుతవా?"

"కడుగుత అంకుల్. పురుగుల మరకలు తీస్త, కోటింగ్ వేస్త. షాపు నాదే."

"పాఠాలు చెప్పెటోడని మా తమ్మునికి గూడ చెప్పిన." రాగిణి నవ్వు ఆగిపోయింది. ఆయన కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు. "సరే. ఎవరో వస్తడనుకున్నవ్ గద, మరి నువ్వెందుకొచ్చినవ్?"

అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు.

"వాడు మంచోడు కాదని మీకు చెప్దామని వచ్చిన."

"వాన్ని చూడనే లేదు గద నువ్వు."

"చూడలే. అయినా రాత్రంత వాని మీదనే కోపం. ఆమెను నాకంటే బాగ చూస్కునేటోడు ఇంకొకడు ఉంటడంటే నేను నమ్మ అంకుల్."

"ఇష్టమని దానికి చెప్పినవా?"

"లేదు."

"మరి మూడు నెలలు ఏం చేసినవ్?"

"అద్దం తుడిచిన."

ఆయన మీసాల్లో నవ్వు కదిలింది. లేచి కిటికీ వైపు తిరిగారు. "నేను ఇటు చూస్తున్న. చెప్పేదేదో చెప్పు."

నేను లేచి నిలబడ్డాను. "రాగిణీ, నువ్వంటే నాకు చాలా ఇష్టం" అన్నాను.

"నాకు గూడ" అంది రాగిణి. కళ్లు తుడుచుకుంటోంది.

జగదీశ్వర్ గారు కిటికీ దగ్గర నుంచే భార్యను కేకేశారు. "రాజకుమారీ, వచ్చేది ఇద్దరు కాదట, ఒక్కడేనట. జర ఎక్కువనే పెట్టు. రాత్రంత వాని మీద వాడే కోపం చేసిండు, ఏం తిన్నట్టు లేడు."